గోడు వినే కంపెనీ

ఆఫీసులో ఆవిడకు అందరూ పెట్టిన పేరు వద్దమ్మ. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు గానీ, ఆవిడ అటు తిరగ్గానే నోళ్లలో నానేది ఆ పేరే. ఊరికే రాలేదది. ఇంటర్నెట్లో కొత్తగా కంపెనీ పెట్టి, డబ్బు సాయం కోసం వచ్చేవాళ్ల లెక్కలు చూసి, పెట్టొచ్చో పెట్టకూడదో తేల్చి చెప్పడం ఆవిడ ఉద్యోగం. మూడేళ్లలో అరవై నాలుగు కంపెనీలు ఆవిడ బల్ల ముందుకొచ్చాయి. అరవై రెండింటికి "వద్దు" అంది. సరే అన్న రెండింట్లో ఒకటి కళ్లజోళ్లు అమ్ముకుంటూ బతికి బట్టకట్టింది. రెండోది, పెట్టినవాళ్లతో సహా, అజా అయిపూ లేకుండా పోయింది.

డబ్బు పెట్టేది పైపులాయన. నలభై ఏళ్లు నీళ్ల పైపులు చేసి అమ్మి గడించిన మనిషి. "పైపులో నీళ్లెటు పోతాయో నాకు తెలుసమ్మా. ఈ ఇంటర్నెట్లో డబ్బెటు పోతుందో అంతు చిక్కదు. అందుకే నిన్ను పెట్టుకున్నా" అనేవాడు. అంతకుముందు ఆవిడ పదిహేనేళ్లు ఒక బ్యాంకులో, అప్పులు మంజూరు చేసే బల్ల దగ్గర పనిచేసింది. అక్కడ నేర్చుకున్న పాఠం ఒక్కటే. సరే అన్నవాణ్ణి రేపు పిలిచి నిలదీస్తారు. వద్దన్నవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు.

"అన్నిటికీ వద్దంటే ఈ ఆఫీసుకి నేను అద్దె ఎందుకు కడుతున్నట్టు?" అని పైపులాయన నెలకోసారి విసుక్కునేవాడు.

"మీ డబ్బు మీ దగ్గరే ఉన్నందుకండీ" అనేది ఆవిడ, తలెత్తకుండా.

ఒక మంగళవారం పొద్దున ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. వదినా మరదళ్లు. వదినకు నలభై దాటాయి, ఒళ్లో సంచీ పెట్టుకుని కుర్చీ అంచున కూర్చుంది. మరదలికి ఇరవై ఆరో ఇరవై ఏడో. వచ్చిన దగ్గర్నుంచీ తన ల్యాప్‌టాప్ వైరును గోడమీది తెరకు తగిలించాలని చూస్తోంది. అది తగులుకోవట్లేదు. అటు తిప్పింది, ఇటు తిప్పింది, ఊదింది. ఈలోగా ఊరికే కూర్చోవడం ఎందుకని వదిన మొదలుపెట్టింది.

"నేను ఫోన్ల కంపెనీలో ఫిర్యాదులు వినే ఉద్యోగం చేశానండీ, పదకొండేళ్లు. ఒక్కో ఫోనూ నాలుగు నిమిషాల్లో ముగించాలని రూలు. నాకేమో ఇరవై పట్టేది. జనం బిల్లెక్కువొచ్చిందని మొదలుపెడతారు. కాసేపటికి, అన్నయ్య మాట్లాడి రెండేళ్లయిందని ఏడుస్తారు. ఏడుస్తున్న మనిషి మాట మధ్యలో టక్కున ఫోనెలా పెట్టేస్తామండీ? నేను ఫోను పెట్టెయ్యట్లేదని వాళ్లు నన్ను తీసేశారు."

"వదినా, ఆగు, ఇంకా బొమ్మ రాలేదు" అంది మరదలు.

"బొమ్మెందుకే, నోరుంది కదా."

బొమ్మ రాకుండానే సంగతంతా బయటికొచ్చింది. వాళ్ల కంపెనీ పేరు 'గోడు'. ఫోనులో యాప్ తెరిచి మీట నొక్కితే అవతల ఒక మనిషి వింటారు. పేరు అడగరు, మధ్యలో అడ్డు తగలరు, సలహా చెప్పరు. నిమిషానికి ఇంత అని రుసుం. వినేవాళ్లు తొమ్మిదిమంది ఉన్నారు. అందులో ఒకాయన బస్సు కండక్టరుగా రిటైరయ్యాడు, ఒకావిడ పోస్టాఫీసు గుమాస్తాగా. ఇద్దరు నర్సులు, బ్యూటీ పార్లరు నడిపి మానేసినావిడ ఒకరు. మిగతావాళ్లూ అలాంటివాళ్లే, ఎదుటివాళ్ల మాటలు వినీ వినీ చెవులు అరిగినవాళ్లు.

"ఇప్పటిదాకా ఎంతమంది ఫోన్ చేశారు?" అని అడిగింది వద్దమ్మ.

"నాలుగు నెలల్లో పన్నెండొందల మంది."

"అందులో మళ్లీ చేసినవాళ్లు?"

వైరు మీద మరదలి చెయ్యి ఆగిపోయింది. "నూటికి పదకొండు మంది" అంది మెల్లగా.

"మిగతా ఎనభై తొమ్మిది మందికి ఏమైంది?"

"ఏమీ కాలేదండీ" అంది వదిన. "మనసు తేలికపడింది. హాయిగా ఉన్నారు."

పక్కనే కూర్చుని వింటున్న పైపులాయన పొట్ట కదిలేలా నవ్వాడు. "అంటే సరుకు ఎంత బాగుంటే గిరాకీ అంత పోతుందన్నమాట!"

వద్దమ్మ నవ్వలేదు. వదిన తన ఉద్యోగపు భవిష్యనిధి మొత్తం ఇందులో పోసింది. మరదలు పెద్ద కంపెనీలో మంచి జీతం వదులుకుని, స్కూటరు అమ్మి ఆ డబ్బూ పెట్టింది. ఇంకా ఎన్నాళ్లు నడుస్తుందని అడిగితే ఏడు వారాలన్నారు.

"ఏడు వారాల తర్వాత?"

"మీరుంటారు కదండీ" అంది వదిన, నిండు నమ్మకంతో.

వాళ్లు వెళ్లాక వద్దమ్మ ఫైలు మీద 'వ' దాకా రాసింది. పైపులాయన చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ ఆఫీసులో ఆయన పెట్టిన నియమం ఒకటుంది: ఏ కంపెనీనైనా మనం వాడి చూడకుండా కాదనకూడదు. నోట్లో పోసుకోకుండా నీళ్లు ఉప్పగా ఉన్నాయనడం తన వ్యాపార ధర్మం కాదంటాడు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ వద్దమ్మ మేడమీదికెక్కి, నీళ్ల ట్యాంకు నీడలో నిలబడి మీట నొక్కింది. పది నిమిషాలు చాలనుకుంది. చెప్పడానికి ఒక దొంగ గోడు కూడా సిద్ధం చేసుకుంది. పక్కింటి కుక్క మొరుగుతోందని.

"చెప్పమ్మా, వింటున్నా" అంది అవతల ఒక బొంగురు గొంతు.

కుక్క గురించి చెప్పింది. దాని రంగు చెప్పింది, మొరిగే వేళలు చెప్పింది, యజమాని పొగరు చెప్పింది. మూడు నిమిషాలకల్లా కుక్క అయిపోయింది. అవతల మనిషి ఏమీ అనలేదు. 'ఊఁ' కూడా కొట్టలేదు. ఉన్నాడని తెలుస్తోంది అంతే, ఊపిరి వినిపిస్తోంది. ఆవిడ బతుకులో ఇంతవరకూ ఎవరూ ఆవిడ కోసం అంతసేపు ఊరుకోలేదు. దాంతో ఏం తోచక, నోటికొచ్చింది అనేసింది.

"మా ఆయన పళ్ల డాక్టరండీ."

అంతే, గట్టు తెగింది. "రోజంతా నోరు తెరుచుకుని కదలకుండా పడుకున్నవాళ్లతో మాట్లాడి మాట్లాడి, ఎదుటిమనిషి కూడా మాట్లాడుతుందన్న సంగతే మరిచిపోయారు. మంచివారే, ఒక్క మాట పరుషంగా అనరు. కానీ నేను 'ఇవాళ ఆఫీసులో' అంటాను చూడండీ, 'ఆఫీసంటే గుర్తొచ్చింది' అని అందుకుంటారు. ఇక ఆ పూటకి నా వంతు అయిపోయినట్టే. పెళ్లయి ఇరవై రెండేళ్లు. ఇవాళ ఆఫీసులో ఏమయిందో ఆయనకి ఒక్కరోజైనా తెలీదు."

అక్కణ్ణుంచి ఆఫీసుకొచ్చింది. తను లిఫ్టు ఎక్కితే అందులో మాటలు ఆగిపోతాయంది. ఎవరిదైనా పుట్టినరోజుకి కేకు కోస్తే, తన దగ్గరికి పళ్లెం రాదంది. "మేడమ్ వద్దంటారులే అని వాళ్లే అనేసుకుంటారండీ. నాకు కేకంటే ఇష్టం. అడగొచ్చు కదా ఒక్కసారి?" అనేసింది. అది కప్పిపుచ్చుకోవడానికి వాషింగ్ మిషను సంగతి ఎత్తుకుంది. కొని ఏడు నెలలయింది. బట్టలు పిండే సమయానికి అది గడగడలాడుతూ స్నానాలగది నుంచి హాల్లోకి నడిచొస్తుంది. కంపెనీ మెకానిక్కు మూడుసార్లొచ్చి, మూడుసార్లూ కింద అట్టముక్క పెట్టి పోయాడు.

చేతిగడియారం చూసుకుంటే యాభై రెండు నిమిషాలయింది. అవతల మనిషి మొదటిసారి గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, నేను వినడమే గానీ చెప్పకూడదు. మావాళ్ల రూలు. కానీ ముప్పై ఏళ్లు బస్సులో టిక్కెట్లు కొట్టినవాణ్ణి. ఎవరికైనా చిల్లర బాకీ ఉంచి దించేస్తే నాకు మనసొప్పదు. ఆ మిషను రశీదుందా?"

"ఉందండీ."

"మెకానిక్కు వచ్చినప్పుడల్లా ఏదైనా కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడా?"

"మూడుసార్లూ పెట్టించుకున్నాడు. నా దగ్గర నకళ్లున్నాయి."

"ఇంకేం, మనదే పైచేయి. మిషను కంపెనీకి ఉత్తరం, రాసుకోండి. తిట్టొద్దు. మనం తిడితే వాళ్లకి మాట దొరుకుతుంది. తారీకులు రాయండి, తారీకులకి జవాబుండదు."

ట్యాంకు గోడకు కాగితం ఆనించి ఆవిడ రాసుకుంది. కొన్న తారీకు, మెకానిక్కు వచ్చిన మూడు తారీకులు, పెట్టిన మూడు అట్టముక్కలు, పది రోజుల గడువు. చివర్లో, ఈ ఉత్తరం నకలు వినియోగదారుల కోర్టుకి కూడా చేరుతుందని ఒక ముక్క. ఆరో రోజు పొద్దున్నే ఇద్దరు మనుషులు కొత్త మిషను మోసుకుంటూ మెట్లెక్కారు. బరువు చేతుల్లో ఉండటం వల్ల కదల్లేక నిలబడిపోయిన వాళ్లకి పళ్ల డాక్టరుగారు జ్ఞానదంతం గురించి ఎనిమిది నిమిషాలు చెప్పాడు. మిషను మాత్రం పెట్టినచోటు నుంచి అంగుళం జరగకుండా తిరిగింది. దాని ముందు స్టూలు వేసుకుని కూర్చుని ఆవిడ మూడు విడతల బట్టలు ఉతికించింది, చూడటం కోసమే.

ఆ వారంలోనే వద్దమ్మ 'గోడు' ఆఫీసు తనిఖీకి వెళ్లింది. సైకిళ్లు బాగుచేసే దుకాణం పైన ఒకే గది. చప్పుడు లోపలికి రాకుండా గోడల నిండా గుడ్ల అట్టలు అతికించారు, అయినా కింద గాలి కొడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. తొమ్మిది కుర్చీలు, ఎనిమిదింట్లో మనుషులు. తొమ్మిదో మనిషి కూర్చోలేదు. కిటికీ చువ్వను ఒక చేత్తో పట్టుకుని, కాళ్లు కాస్త ఎడంగా పెట్టి నిలబడి ఫోన్లో ఎవరి మాటలో వింటున్నాడు. ముప్పై ఏళ్ల బస్సు అలవాటు, కూర్చుంటే ఆయనకు చెవులు పనిచెయ్యవట.

"నమస్కారమండీ, లెక్కలు చూడటానికొచ్చాను" అంది వద్దమ్మ గుమ్మంలో.

అప్పుడే ఫోను ముగించిన కండక్టరు గిరుక్కున తిరిగాడు. గొంతు గుర్తుపట్టాడు. మొహం చాటంత చేసుకుని, "మిషనొచ్చిందా అమ్మా?" అన్నాడు.

గది మొత్తం ఆవిడ వైపు చూసింది. వదిన మాత్రం కండక్టరు వైపు చూసింది.

"ఏం మిషను? కండక్టరుగారూ, మళ్లీ సలహా చెప్పారా?"

"చెప్పలేదమ్మా" అన్నాడాయన తల గోక్కుంటూ. "రాయించాను."

వద్దమ్మకు చెవులు ఎర్రబడ్డాయి. అయినా పని పనే. వచ్చిన ఫోన్ల చిట్టా ఇమ్మని అడిగి, రెండు రోజులు ఆ గుడ్ల అట్టల మధ్యే కూర్చుంది. ఏ ఫోను ఎవరు విన్నారు, ఎంతసేపు విన్నారు, ఆ నంబరు మళ్లీ వచ్చిందా అని ఒక్కొక్క వరసే చదివింది. రెండో రోజు సాయంత్రం వదినా మరదళ్లను పిలిచి కూర్చోబెట్టింది.

"మళ్లీ మళ్లీ ఫోన్ చేసేవాళ్లు నూటికి పదకొండు మంది అన్నారు కదా. వాళ్లు ఎవరి గిరాకీలో చూశారా?"

"అందరివీ అయ్యుంటాయి" అంది మరదలు.

"కాదు. దాదాపు అందరూ ఇద్దరి గిరాకీలే. కండక్టరుగారివి, పోస్టాఫీసు ఆవిడవి. అద్దె అడ్వాన్సు రానివాళ్లు, ఆసుపత్రి బిల్లులో తేడా వచ్చినవాళ్లు, జీతం ఆగిపోయినవాళ్లు. వాళ్లిద్దరూ మీ రూలు తప్పి దొంగచాటుగా దారి చూపిస్తున్నారు. పని అయినవాళ్లు ఇంకో పనికి మళ్లీ వస్తున్నారు, వాళ్ల వాళ్లని పంపిస్తున్నారు. అమ్మా, మీ కంపెనీకి తిండి పెడుతున్నది మీ రూలు తప్పిన ఇద్దరే."

మరదలు కళ్లు మెరిశాయి. "నేను చెప్పలేదూ వదినా! దారి చూపడానికి ఇంకో మీట పెడదామని నెల్నించీ మొత్తుకుంటున్నాను."

"నువ్వూరుకో" అంది వదిన. మొహం కందగడ్డలా అయింది. "మేడమ్, నేను ఉన్నదంతా ఊడ్చి పెట్టింది మనుషుల మనసు వినడానికి. మిక్సీలు, గీజర్లు బాగుచేయించడానికి కాదు. ఆ పని నేను పదకొండేళ్లు చేసి, చీదరెత్తి బయటికొచ్చాను."

"బయటికి రాలేదు వదినా, తీసేశారు."

"నీకు అన్నీ వేళాకోళమే! స్కూటరు పోతే ఇంకోటి కొనుక్కుంటావు. నాకు ఈ వయసులో ఉద్యోగం ఎవడిస్తాడు?"

ఆ మాటతో గదిలో అందరూ గుడ్ల అట్టల వంక చూడటం మొదలుపెట్టారు. వద్దమ్మకు ఇలాంటి చోట్ల లేచి వెళ్లిపోవడం అలవాటు. ఈసారి లేవలేదు.

"నా సంగతే చూడండి. ముందు కుక్క అన్నాను. తర్వాత మా ఆయన అన్నాను. తర్వాత..." కేకు మాట నోటిదాకా వచ్చి మింగేసింది. "తర్వాత ఇంకేదో అన్నాను. యాభయ్యో నిమిషానికి గానీ మిషను బయటికి రాలేదు. మొదట్లోనే 'మీకేం కావాలి' అని అడిగుంటే నేను ఫోను పెట్టేసి ఉండేదాన్ని. మీరు నేర్పిన వినడమే లేకపోతే ఆయన రాయించడానికి ఉత్తరమే లేదు. రెండూ కావాలి. ముందు మీది, తర్వాత ఆయనది."

వదిన ఒళ్లో సంచీ అటూ ఇటూ తిప్పింది. చివరికి, "మొదటి పది నిమిషాలూ ఎవరూ నోరెత్తకూడదు. దానికి ఒప్పుకుంటే సరే" అంది. కండక్టరు కిటికీ దగ్గర్నుంచే చెయ్యెత్తి ఒప్పుకున్నాడు.

సోమవారం పైపులాయన దగ్గర తుది సమావేశం. ఆ మూడు నెలల పెట్టుబడికి ఆయన ఒక్క మొత్తమే పక్కన పెట్టాడు, పైగా మనసు అప్పటికే ఇంకోచోట పారేసుకున్నాడు. కోటు వేసుకున్న కుర్రాడొకడు అంతకు ముందు వారం వచ్చి వెళ్లాడు. పూలకుండీలో ఒక పుల్ల గుచ్చితే, మొక్క దిగులుగా ఉన్నప్పుడల్లా మీ ఫోనుకి కబురొస్తుందట. పైపులాయనకు మేడమీద ముప్పై కుండీలున్నాయి. వద్దమ్మ దానికి వద్దంది. ఆయన ఈసారి నీ మాట విననన్నాడు.

"ఆ గోడు వాళ్ల సంగతేంటి? వాళ్లకీ వద్దేగా?"

"సరే అంటున్నానండీ."

లెక్కలు రాసే గుమాస్తా చేతిలోంచి పెన్ను జారిపడింది. పైపులాయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "ఏమన్నావ్?"

"సరే అన్నాను. వాళ్లు వచ్చి చెప్పిన కంపెనీకి కాదు, వాళ్లకి తెలీకుండా లోపల నడుస్తున్న కంపెనీకి." చిట్టా తెరిచి వరసలన్నీ చూపించింది. తర్వాత, దాచకూడదు కాబట్టి చెప్పేసింది. "ఇంకో సంగతి. నేను వాళ్లకి గిరాకీని కూడా. యాభై రెండు నిమిషాలు మాట్లాడాను."

"నువ్వా? ఇక్కడ మూడేళ్లలో మొత్తం కలిపినా అంత మాట్లాడలేదు కదమ్మా!" అని ఆయన వెనక్కి వాలి నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, వ్యాపారి కళ్లతో చూశాడు. "అంత నమ్మకం ఉంటే నీ డబ్బు పెడతావా? నువ్వెంత పెడితే నేనూ అంతే. అంతకు మించి దమ్మిడీ కూడా ఇవ్వను. మిగతాది మొక్కలకి."

అరవై నాలుగు కంపెనీలను చూసిన ఆవిడకు ఈ ప్రశ్న ఎన్నడూ ఎదురు కాలేదు. లోపల బ్యాంకు గొంతు, వద్దను, వద్దను అని పోరుతోంది. "ఎనిమిది నెలల జీతం పెడతాను" అన్నది మాత్రం తన గొంతే. అది విని తనే ఉలిక్కిపడింది.

ఇక ఇంట్లో చెప్పాలి. డబ్బు ఇద్దరిదీ. ఆ సాయంత్రం "ఇవాళ ఆఫీసులో" అని మొదలుపెట్టి రెండుసార్లు ఓడిపోయింది. పొద్దున్నే ఒక ఉపాయం తట్టింది. పళ్ల డాక్టరుగారు రోజూ పళ్లు తోముకున్నాక మందునీళ్లు పోసుకుని సరిగ్గా ఒక నిమిషం పుక్కిలిస్తాడు. ఇరవై రెండేళ్లలో ఒక్క క్షణం ముందు ఉమ్మిన పాపాన పోలేదు, రోగులందరికీ చెప్పే నియమం కదా. ఆయన నీళ్లు నోట్లో పోసుకోగానే ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఏమండీ, వినండి. ఒక కంపెనీలో నా ఎనిమిది నెలల జీతం పెడుతున్నాను. మొత్తం పోవచ్చు. పది కంపెనీల్లో తొమ్మిది మునిగిపోతాయి, ఆ లెక్క నాకు మీకంటే బాగా తెలుసు. అయినా పెట్టాలనుంది. జనం కష్టం విని దారి చూపించే కంపెనీ అది. మన మిషను మార్పించింది వాళ్లే. నేను వాళ్లకి ఫోన్ చేసి యాభై రెండు నిమిషాలు మాట్లాడాను. అందులో ముప్పై నిమిషాలు మీ గురించే."

ఆయన బుగ్గలు కదలడం ఆగిపోయింది. కళ్లు పెద్దవయ్యాయి. నిమిషం ఇంకా కాలేదు, ఉమ్మడానికి నియమం ఒప్పుకోదు, మాట్లాడటానికి నోరు ఖాళీ లేదు. గుటుక్కున మింగేశాడు. దగ్గు ఆగాక, తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ, చాలా నెమ్మదిగా అడిగాడు.

"నా గురించి ముప్పై నిమిషాలు ఏముంది చెప్పడానికి?"

అడిగి, జవాబు కోసం ఆగాడు. ఆవిడ ఆఫీసుకి గంట ఆలస్యంగా వెళ్లింది. డబ్బు సంగతి అందులో చివరి రెండు నిమిషాల్లో తేలిపోయింది.

'గోడు' కొత్త పద్ధతిలో మళ్లీ మొదలైన రోజు యాప్‌లో రెండు మీటలున్నాయి. ఒకటి 'వింటే చాలు', రెండోది 'విని దారి చూపండి'. మొదటిరోజు వందమందైనా చేస్తారనుకున్నారు. తొమ్మిదిమంది చేశారు. ఆ తొమ్మిదిమందిలో ఐదుగురు వదిన వైపు చుట్టాలు, ఎలా పనిచేస్తుందో చూద్దామని. రెండో వారానికి రోజుకి పదహారు. మూడో వారానికి పద్నాలుగు.

అప్పుడు తెలిసింది వద్దమ్మకు, భయమంటే ఏంటో. ఇన్నాళ్లూ ఆవిడ చదివిన అంకెలు కాగితం మీద ఉండేవి. ఇవి కడుపులో ఉన్నాయి. సిగ్నలు దగ్గర ఆగితే ఫోను తీసి ఎన్ని వచ్చాయో చూసేది. కూరగాయలు తూయిస్తూ చూసేది. పూటకి నాలుగుసార్లు వదినకు ఫోను చేసేది. మూడో వారం చివర్లో వదినే అనేసింది, "మేడమ్, మీరు మాకు కాదు, ఆ మొదటి మీటకి ఫోన్ చెయ్యండి. పది నిమిషాలు ఉచితంగా వింటాం."

నాలుగో వారం ఒకావిడ ఫోన్ చేసింది. ఇల్లు ఖాళీ చేసి ఐదు నెలలైనా యజమాని అడ్వాన్సు తిరిగివ్వలేదట. కండక్టరు పదిహేను నిమిషాలు విన్నాడు. తర్వాత ఒక్క ప్రశ్న అడిగాడు. "ఆ బిల్డింగులో ఇలా మీకొక్కరికేనా అమ్మా?"

ఆవిడ కనుక్కుని చెప్పింది. నలభై ముగ్గురు.

వదిన ఆ నలభై మూడు ఇళ్లకీ తనే ఫోన్ చేసింది. వాళ్లు యజమానిని తిట్టుకున్నంతసేపూ తిట్టుకోనిచ్చింది. పోస్టాఫీసు ఆవిడ నలభై మూడు ఉత్తరాలు రాసింది, ఒక్కదాంట్లో కూడా కోపం లేదు, అన్నిట్లో తారీకులే. మరదలు అవన్నీ ఒకే రోజు, ఒకే గంటలో ఆ యజమానికి చేరేలా పంపింది. ఆయన వకీలు దగ్గరికి పరిగెత్తాడు. వకీలు నలభై మూడు ఉత్తరాలూ తిరగేసి, ఇచ్చెయ్యడం చవక అన్నాడు. మూడు వారాల్లో ముప్పై ఎనిమిది మందికి డబ్బు ముట్టింది. మిగతా ఐదుగురితో ఇంకా పెనుగులాట నడుస్తూనే ఉంది. కానీ ముట్టిన ముప్పై ఎనిమిది మందీ ఊరుకుంటారా? ఆఫీసుల్లో చెప్పారు, పిల్లల బడి గేటు దగ్గర చెప్పారు, బంధువులకు చెప్పారు. రెండు నెలలకు రోజుకి రెండొందల ఫోన్లు దాటాయి. తొమ్మిది కుర్చీలు పద్నాలుగయ్యాయి. కింద సైకిళ్లాయన దుకాణం ముందు జాగా లేక గొడవపడ్డాడు. ఆయన గోడు కూడా విన్నారు.

మొక్కల కంపెనీ ఎనిమిదో నెలలో మూతపడింది. ఒక ఆదివారం పుల్లలన్నిటికీ బ్యాటరీలు ఒక్కసారే నీరసించి, ముప్పై కుండీల్లోనూ మొక్కలు చచ్చిపోతున్నాయని అవి పైపులాయన ఫోనుకి ముప్పై కబుర్లు పంపాయి. ఆయన చుట్టాల పెళ్లి మధ్యలోంచి లేచి ఇంటికి పరిగెత్తాడు. మొక్కలు నవనవలాడుతున్నాయి. అలా పరిగెత్తినవాళ్లు ఊళ్లో ఇంకా వందల్లో ఉన్నారని సోమవారం తెలిసింది. నష్టం లెక్క చూసుకుని ఆయన రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి, 'గోడు'లో ఇంకొంచెం పెడతానన్నాడు. వదినా మరదళ్లు ఆలోచించి చెబుతామన్నారు.

అంతా సర్దుకుందనుకున్న రోజుల్లో, ఏడాది నిండుతుండగా, కండక్టరు ఒక పొద్దున కిటికీ దగ్గరికి వెళ్లకుండా నేరుగా వదిన బల్ల దగ్గరికొచ్చాడు. ఆ రోజు వద్దమ్మ కూడా అక్కడే ఉంది.

"దాచిపెట్టడం నాకు చేతకాదమ్మా. మీలాంటి కంపెనీయే ఇంకొకటి పెడుతున్నారట. నన్ను రమ్మంటున్నారు. జీతం రెట్టింపు."

వదిన మొహం పాలిపోయింది. మరదలు లేచి వచ్చింది. అంత జీతం ఇవ్వడానికి వాళ్ల దగ్గర లేదని ముగ్గురికీ తెలుసు. లాభం అని చెప్పుకోడానికి కిందటి నెలలో మిగిలింది, పద్నాలుగు కుర్చీల్లో నాలుగింటికి కొత్త దిండ్లు కొనేంత.

"మీరు వెళ్తానంటే ఆపే హక్కు మాకు లేదు" అంది వదిన.

వద్దమ్మ తన కాగితాలు పక్కకు పెట్టింది. "కండక్టరుగారూ, జీతం మేం పెంచలేం. కానీ వాటా ఇస్తాం. ఈ కంపెనీలో మీరూ భాగస్థులే. నా వాటాలోంచి కొంత, వాళ్ల దాంట్లోంచి కొంత." చెప్పి వదినా మరదళ్ల వైపు చూసింది. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఇద్దరూ ఒకేసారి తలూపారు.

"వాటా అంటే లాభం వస్తే లాభంలో" అన్నాడాయన.

"అవును."

"నష్టమొస్తే నష్టంలో కూడానా?"

"నష్టంలో కూడా" అంది వద్దమ్మ. "మునిగితే మీకేమీ రాదు. మునగదని నేను మాటివ్వలేను. ఎవరిచ్చినా నమ్మొద్దు."

ఆయన గడ్డం గీరుకున్నాడు. "మా ఇంటిదాన్ని అడగాలి" అని ఫోను పట్టుకుని మెట్ల దగ్గరికి వెళ్లాడు. తలుపు సందులోంచి ఆయన వీపు కనిపిస్తోంది. చెవికి ఫోను ఆనించి నిలబడ్డాడు, ఒక చెయ్యి మెట్ల కమ్మీ మీద. ఆయన మాట్లాడట్లేదు. అవతల భార్య మాట్లాడుతోంది, ఆయన వింటున్నాడు. పది నిమిషాలయింది. పావుగంట అయింది. మరదలు గోళ్లు కొరుక్కుంటోంది. వదిన సంచీ ఒళ్లోకి లాక్కుని గట్టిగా పట్టుకుంది.

ఇరవై రెండో నిమిషంలో ఆయన లోపలికొచ్చాడు.

"ఏమన్నారు ఆవిడ?" అని వదిన ఆత్రంగా అడిగింది.

"చాలా అంది. కూర్చోబెట్టి చెప్పాల్సినంత అంది. చివర్లో మాత్రం, రెట్టింపు జీతంవాళ్లు నిలబడి వింటే ఒప్పుకుంటారా అని అడిగింది." ఆయన జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. "సంతకం ఎక్కడ పెట్టాలో చూపించండి. ముందు మొత్తం చదివి పెడతా, ఏమీ అనుకోకండి."

కాగితం తయారయ్యేసరికి మధ్యాహ్నమయింది. ఆయన నాలుగు పేజీలూ చదివి, మూడో పేజీలో తారీకు తప్పు పడిందని పట్టుకుని, దిద్దించి, అప్పుడు పెట్టాడు సంతకం. ఈలోగా కిటికీ దగ్గర ఆయన వినే తొమ్మిదో నంబరు ఫోను మోగుతూనే ఉంది.